గడ్డకట్టే వాన, చీకటి రోజులు

నీళ్లుగా రాలి, కొమ్మనో కరెంటు తీగనో రోడ్డునో తాకిన క్షణాన ఐసుగా మారే వానను గడ్డకట్టే వాన అంటారు. అది గంటల తరబడి కురిసి పావు అంగుళం మందాన, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల మేర పేరుకుంటే దాన్ని ఐస్ తుఫానుగా లెక్కిస్తారు. ఉత్తర అమెరికాలో చలికాలం తెచ్చే ఉపద్రవాల్లో కరెంటు తీగలకు ఇంతటి శత్రువు మరొకటి లేదు. మంచు తెల్లగా కనిపిస్తూ పడుతుంది, గాలికి కొంత ఎగిరిపోతుంది, మిగిలింది పారతో తోసేయొచ్చు. ఈ ఐసుకు రంగు లేదు, పట్టిన చోటు వదలదు. తారు రోడ్డు మీద అది ఉందో లేదో కాలు జారితే గాని తెలియదు. తెలుగునాట కురిసే వడగళ్ల వానతో దీనికి చుట్టరికమూ లేదు. వేసవిలో మామిడి పిందెలను రాలగొట్టే వడగళ్లు ఉరుముల మబ్బులోనే గడ్డకట్టి కిందికి వస్తాయి. గడ్డకట్టే వానలో మాత్రం చినుకు నేలకు చేరే దాకా నీరే.

చలికాలంలో మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. ఐస్ తుఫాను రోజున ఆ వరుస తారుమారవుతుంది. ఎత్తైన మబ్బులో మంచు రేకుగా పుట్టినది కిందికి దిగుతూ, దారిలో అడ్డంగా పరుచుకున్న వెచ్చటి గాలి పొరలో పడి పూర్తిగా కరిగిపోతుంది. ఆ కింద, నేలను అంటుకుని, సున్నా డిగ్రీల కంటే చల్లటి గాలి ఇంకో పలచటి పొరగా ఉంటుంది. చినుకు ఆ పొరను ఒకటి రెండు నిమిషాల్లోనే దాటేస్తుంది. గడ్డకట్టడానికి ఆ వ్యవధి చాలదు. పైగా నీటి చుక్క సున్నాకు చేరగానే గడ్డకట్టి తీరాలని లేదు. ఆనుకోవడానికి ఏదో ఒక గట్టి కణం దొరకాలి. దొరకనంతసేపూ సున్నాకు కొన్ని డిగ్రీలు కిందికి దిగినా అది నీరుగానే ఉంటుంది. అలాంటి చుక్కకు కింద తగిలిన మొదటి వస్తువే ఆ ఆధారమవుతుంది. చలి పొర మరికాస్త మందంగా ఉంటే చినుకు గాలిలోనే గడ్డకట్టి ఐసు పలుకులై పడుతుంది. ఆ పలుకులు నేల మీద ఎగిరి పడతాయే గాని అంటుకోవు. వెచ్చటి పొర అసలే లేకపోతే కురిసేది మంచు. ఒకే పూట, యాభై అరవై మైళ్ల తేడాలో, ఉత్తరాన మంచు, నడుమ ఐసు, దక్షిణాన ఉత్త వాన పడటం అక్కడ వింత కాదు.

ఈ వానకు తనను తాను ఆపుకునే గుణం ఒకటి ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 కేలరీల చొప్పున వేడి వదులుతుంది. కురిసేకొద్దీ ఆ వేడి నేల దగ్గరి గాలిలో కలుస్తుంది. కొత్త చలిగాలి వచ్చి చేరకపోతే కాసేపటికి ఉష్ణోగ్రత సున్నాకు చేరి, గడ్డకట్టే వాన మామూలు వానగా తేలిపోతుంది. చాలాసార్లు జరిగేది ఇదే. ఫ్లోరిడా నారింజ రైతులు గడ్డకట్టే చలి రాత్రుల్లో చెట్ల మీద నీళ్లు చిమ్మి తోటను కాపాడుకునేది కూడా ఈ వేడి పుణ్యానే. నీరు ఆగకుండా గడ్డకడుతున్నంతసేపూ కొమ్మ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలుస్తుంది. కాబట్టి ఐస్ తుఫాను ముదరాలంటే చలిగాలి సరఫరా ఆగకూడదు. దానికి అనువైన నేలలు కొన్ని ఉన్నాయి. కెనడాలో సెయింట్ లారెన్స్ నదీలోయ ఈశాన్యం నుంచి చలిగాలిని గొట్టంలో పంపినట్టు మాంట్రియల్ వైపు పంపుతుంది. అమెరికాలో అపలాచియన్ కొండల తూర్పు వాలున చలిగాలి కదలలేక నిలిచిపోతుంది. వర్జీనియా, ఉత్తర దక్షిణ కరోలినాలు, జార్జియా ఉత్తర భాగం అందుకే పదే పదే దెబ్బతింటాయి. టెక్సాస్, ఓక్లహోమాలకు ఉత్తరం వైపు అడ్డుకునే కొండలే లేవు. కెనడా నుంచి చలిగాలి నేల మీదుగా జారి వస్తే, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి దాని మీదికెక్కి కురుస్తుంది.

ఇంతటి ఐసు బరువెంతో చిన్న లెక్కతో తేలుతుంది. సెంటీమీటరు లావున్న అల్యూమినియం తీగ మీటరు పొడవుకు సుమారు 200 గ్రాములు తూగుతుంది. దాని చుట్టూ అర అంగుళం ఐసు పడితే ఆ ఐసు ఒక్కటే మీటరుకు 800 గ్రాములు. వంద మీటర్ల ఎడంలో ఉన్న రెండు స్తంభాల మధ్య తీగ మీద అదనంగా 80 కిలోలు వేలాడుతున్నాయన్న మాట. దానికి గాలి తోడైతే తీగలు ఊగి తెగుతాయి. ఒక వైపు తీగ తెగితే రెండో వైపు లాగుడుకు స్తంభం ఒరుగుతుంది, అది పక్కదాన్ని లాగుతుంది. చెట్లది ఇంకో కథ. ఆకు రాల్చిన చెట్టు కంటే ఏడాది పొడవునా ఆకులుండే చెట్టు ఎక్కువ ఐసును మోస్తుంది. కరోలినాల్లో పైన్ చెట్లు, 2023 ఫిబ్రవరి మొదట్లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఓక్ చెట్లు విరిగి తీగల మీద పడటానికి అదే కారణం. ఆస్టిన్‌లో ఆ వారం లక్షన్నరకు పైగా కరెంటు కనెక్షన్లు ఆగిపోయాయి.

వీటన్నిటికీ పెద్ద ఉదాహరణ 1998 జనవరిలో కెనడాలో జరిగింది. జనవరి 5 నుంచి వారం రోజుల లోపల తూర్పు ఒంటారియో, దక్షిణ క్విబెక్‌ల మీద విడతలు విడతలుగా గడ్డకట్టే వాన కురిసింది. సరిహద్దు అవతల అమెరికాలో న్యూయార్క్ ఉత్తర భాగం, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్ కూడా దాని దారిలోనే ఉన్నాయి. ఒట్టావాలో కురిసింది 85 మిల్లీమీటర్లు. తెలుగునాట శ్రావణంలో ఒక్క రాత్రిలో పడే వాన అది, కానీ అక్కడ పడిందల్లా పడ్డచోటే ఐసైంది. మాంట్రియల్ దక్షిణాన ఉక్కు ట్రాన్స్‌మిషన్ టవర్లు వరుసకు వరుస నడుములు విరిగి పొలాల్లో కూలాయి. 30 వేల దాకా చెక్క స్తంభాలు నేలకొరిగాయి. ఒక్క క్విబెక్‌లోనే 14 లక్షల కరెంటు కనెక్షన్లు ఆగిపోయాయి. సెయింట్ యాసింత్, గ్రాన్‌బీ, సెయింట్ జాన్ సుర్ రిషెల్యూ పట్టణాల మధ్య ప్రాంతానికి చీకటి త్రికోణం అన్న పేరు పడింది. అక్కడ కొన్ని ఇళ్లకు నెల దాటాక గాని దీపం వెలగలేదు. మాంట్రియల్‌లో నీటిశుద్ధి కేంద్రాలకు కరెంటు పోయి మంచినీళ్లకే ఎసరొచ్చింది. పాడి రైతుల అవస్థ మరీ దారుణం. పాలు పితికే యంత్రాలు ఆగిపోయాయి, ఆవులు మాత్రం పొదుగులు నిండి అరుస్తూనే ఉన్నాయి. ఉన్న ఒకటి రెండు జనరేటర్లను ట్రాక్టర్లకు కట్టుకుని ఒక దొడ్డి నుంచి మరో దొడ్డికి తిప్పుతూ పితికారు. పితికిన పాలను కొనే డెయిరీలు మూతపడితే పారబోశారు. కెనడా సైన్యం సుమారు 16 వేల మందిని దించింది. కొరియా యుద్ధం తర్వాత ఆ దేశం అంతమందిని ఒక్క పనికి కదిలించింది అప్పుడే.

ఆ రోజుల్లో క్విబెక్ ముఖ్యమంత్రి లూసియెన్ బూషార్, విద్యుత్ సంస్థ హైడ్రో-క్విబెక్ అధిపతి ఆండ్రే కాయే రోజూ విలేకరుల ముందుకు వచ్చి ఏ ఊరికి ఎప్పుడు కరెంటు వస్తుందో చెప్పేవారు. కాయే తొడుక్కున్న తెల్లటి మెడపట్టీ స్వెట్టర్ ఇంటింటా గుర్తుండిపోయింది. టీవీలు వెలగని ఇళ్లలో జనం ఆ మాటలు విన్నది ఎక్కువగా బ్యాటరీ రేడియోలోనే. తుఫాను తర్వాత ఆ సంస్థ టవర్ల వరుసలో అక్కడక్కడా మరింత బలమైన టవర్లు నిలబెట్టింది. ఒకటి కూలితే ఆ వరుసంతా కూలకుండా అవి ఆపుతాయి. తీగల్లోకి డైరెక్ట్ కరెంటు పంపి, వేడెక్కించి, పట్టిన ఐసును రాల్చే పరికరాన్ని కూడా లెవీ సబ్‌స్టేషన్‌లో పెట్టింది. ఇంత చేయగలిగినా పల్లెల్లోని చెక్క స్తంభాలను, వీధుల్లోని చిన్న తీగలను ఐసు నుంచి పూర్తిగా కాపాడే ఉపాయం ఎక్కడా లేదు. అందువల్ల భారమంతా ముందస్తు హెచ్చరిక మీదే పడుతుంది.

అమెరికాలో ఆ పని నేషనల్ వెదర్ సర్వీస్‌ది. రోజుకు రెండుసార్లు బెలూన్లు ఎగరేసి ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ ఉందో కొలుస్తారు. రాడార్లతో మంచు కరిగే ఎత్తును గుర్తుపడతారు. ఇంత చేసినా ఒక్క డిగ్రీ తేడా జోస్యాన్ని తలకిందులు చేస్తుంది. నేల దగ్గర సున్నాకు అర డిగ్రీ పైన ఉంటే తడిసిన రోడ్డు, అర డిగ్రీ కింద ఉంటే మూతపడ్డ ఊరు. అందుకే హెచ్చరికలు మెట్లు మెట్లుగా వస్తాయి. తుఫాను రావచ్చన్న సూచన ఉంటే, సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందు, వింటర్ స్టార్మ్ వాచ్ ఇస్తారు. ఐసు తక్కువే అయినా రోడ్లు ప్రమాదమైతే అడ్వైజరీ. చాలా ప్రాంతాల్లో పావు అంగుళం, అంతకు మించి ఐసు పడుతుందని తేలితే ఐస్ స్టార్మ్ వార్నింగ్. వాచ్ అంటే సరుకులు తెచ్చుకునే సమయం. వార్నింగ్ వచ్చాక బయటికి వెళ్లే పని పెట్టుకోకూడదు. చాలామంది దీన్ని తిరగేస్తారు. వాచ్‌ను పట్టించుకోరు, వార్నింగ్ రాగానే బజారుకు పరిగెడతారు. కెనడాలో ప్రభుత్వ వాతావరణ శాఖ గడ్డకట్టే వాన పేరుతోనే హెచ్చరిక ఇస్తుంది. ఐసు మందం, గాలి వేగం కలిపి కరెంటు నష్టాన్ని 0 నుంచి 5 వరకు అంచనా కట్టే స్పెర్రీ-పిల్ట్జ్ సూచీ ఓక్లహోమాలో పుట్టింది. విద్యుత్ సహకార సంఘాల అధికారి ఒకరు, వాతావరణ శాస్త్రవేత్త ఒకరు కలిసి దాన్ని తయారుచేశారు.

ఇక్కడొక మెలిక ఉంది. టోర్నడో వస్తుంటే సెల్‌ఫోన్ దానంతటదే కూతపెడుతుంది. ఐస్ తుఫాను హెచ్చరికకు సాధారణంగా అలా మోగదు. ఎవరికి వారు చూసుకోవాలి, లేదా వినాలి. అమెరికా ప్రభుత్వం నడిపే వాతావరణ రేడియో 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఛానళ్లలో రాత్రింబవళ్లు వినిపిస్తుంది. మామూలు ఎఫ్.ఎం. సెట్టులో అది అందదు, దానికి వేరే రిసీవర్ కావాలి. బ్యాటరీతోనూ, చేత్తో తిప్పే పిడితోనూ పనిచేసే రకాలు దొరుకుతాయి. హెచ్చరిక వెలువడితే నిద్రలో ఉన్నవారిని లేపేలా మోగే ఏర్పాటు కూడా వాటిలో ఉంది. కరెంటు లేని మూడో రోజున, ఫోన్ చార్జింగ్ అయిపోయి టవర్లూ మూగబోయినప్పుడు, కబురు తెచ్చేది బ్యాటరీ రేడియోయే.

తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరపు కబురు కాదు. అమెరికా చలి అంటే న్యూజెర్సీ, షికాగో, మిన్నసోటా మంచు గుర్తుకొస్తుంది. కానీ తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ శివార్లు, అట్లాంటా, షార్లెట్, రాలీ ఐసు పడే మేరలోనే ఉన్నాయి. అక్కడ మంచు తక్కువ గనుక ఉప్పు చల్లే లారీలూ తక్కువ, ఇళ్ల గొట్టాలకు చలికోటు తొడిగే అలవాటూ తక్కువ, ఐసు మీద బండి నడిపిన అనుభవమూ తక్కువ. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను పట్టిన చలి అది చూపించింది. అప్పటి కష్టం ఐసు కంటే చలిది, కుప్పకూలిన కరెంటు ఉత్పత్తిది. 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో 246 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది చలే. చలి ముదరకముందే, ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్ వర్త్‌లో 35 వెస్ట్ హైవే మీద పలచటి ఐసు పొరే చాలింది, 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు.

ఇంటి తయారీలో మొదట ఆలోచించాల్సింది కరెంటు లేకుండా మూడు రోజులు ఎలా గడుస్తుందన్నది. గ్యాసు హీటరున్న ఇల్లు కదా అని ధైర్యపడటానికి లేదు. ఆ వేడిని గదుల్లోకి నెట్టే ఫ్యాన్ కరెంటుదే. అందరూ ఒక్క గదిలోకి చేరి, తలుపుల కింద సందుల్లో తువ్వాళ్లు కుక్కి, ఒకదాని మీద ఒకటి పలచటి బట్టలు తొడుక్కుంటే ఒంటి వేడే చాలావరకు నిలుస్తుంది. ఒకే మందపాటి కోటు కంటే పలచటివి మూడు మేలు, మధ్యలో చిక్కిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నీళ్లు పట్టుకోవాలి. వండకుండా తినేవి తెలుగిళ్లలో ఎప్పుడూ ఉంటాయి: అటుకులు, మరమరాలు, వేరుశనగలు, పళ్లు. పొయ్యి కరెంటుదైతే ముందు రోజే పులిహోర కలిపి పెట్టుకోవడం తెలివైన పని. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు నిలుస్తుంది. బయట చలే కదా అని అన్నం గిన్నెలు బాల్కనీలో పెట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. ఎండ తగిలితే ఆ చోటు వేడెక్కుతుంది. రోజూ వేసుకునే మందులు వారం రోజులవి చేతిలో ఉండాలి. ఊరి నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్ల బీపీ మాత్రలు అక్కడి దుకాణంలో చీటీ లేకుండా అప్పటికప్పుడు దొరకవు.

నీటి గొట్టాల సంగతి చెప్పాలంటే, అవి పగిలేది గడ్డకట్టినప్పుడే అయినా, ఇల్లు మునిగేది ఐసు కరిగాకే. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ఐసు బిరడాకూ కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికి గొట్టం చీలుతుంది. బయటి గోడల వెంట ఉన్న కుళాయిలను సన్నగా ధార వదిలి ఉంచితే ఆ ఒత్తిడి పేరుకోదు. సింకు కింది అలమారా తలుపులు తెరిచి పెడితే గది వేడి గొట్టాలకు తగులుతుంది. ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

ఐస్ తుఫాను మరణాల్లో అన్నిటికంటే బాధాకరమైనవి కార్బన్ మోనాక్సైడ్ వల్ల జరిగేవి, ఎందుకంటే అవి తుఫాను చేతిలో జరిగినవి కావు. 2009 జనవరిలో కెంటకీలో పడ్డ ఐసుకు లక్షల ఇళ్లు చీకటిలో మునిగాయి. గవర్నర్ స్టీవ్ బెషియర్ రాష్ట్ర నేషనల్ గార్డునంతటినీ రంగంలోకి దించారు. అప్పుడు చనిపోయినవారిలో కొందరిని బలిగొన్నది వెచ్చదనం కోసం ఇంట్లోనో గరాజ్‌లోనో నడిపిన జనరేటర్, హీటరు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, మగత, వాంతి వస్తాయి. చలికి, అలసటకు అలా ఉందనుకుని మనిషి పడుకుంటాడు, మళ్లీ లేవడు. ఉత్తర భారతంలో చలి రాత్రుల్లో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు చనిపోయిన వార్తలు ఏటా వస్తుంటాయి, కారణం అదే. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన, ఆరుబయట, కిటికీలకు ఎదురు కాకుండా ఉండాలి. గరాజ్ తలుపు తెరిచి ఉంచడం దానికి ప్రత్యామ్నాయం కాదు. బొగ్గుల గ్రిల్లు, క్యాంపు స్టవ్ ఇంట్లోకి రాకూడదు. గ్యాస్ పొయ్యిని గది వెచ్చబెట్టడానికి వాడకూడదు. జనరేటర్ తీగను నేరుగా గోడ సాకెట్‌లో గుచ్చితే కరెంటు వెనక్కి ప్రయాణించి వీధి తీగలోకి ఎక్కుతుంది, స్తంభం మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

రోడ్డు విషయంలో సలహా ఒక్కటే: వెళ్లకపోవడం. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కదలడానికి పనికొస్తుంది గాని ఐసు మీద ఆగడానికి కాదు. వంతెనల మీద నుంచీ కింది నుంచీ గాలి తగిలి అవి ముందు గడ్డకడతాయి. చల్లే ఉప్పుకూ హద్దుంది. మామూలు ఉప్పు సున్నాకు తొమ్మిది పది డిగ్రీలు దిగాక పెద్దగా పనిచేయదు, ముందుగా చల్లిన ఉప్పునీటిని వానే కడిగేస్తుంది. తప్పని పరిస్థితిలో దారిలో చిక్కుకుంటే బండి వదిలి నడవకూడదు. పొగగొట్టం చుట్టూ మంచు తీసేసి, గంటకు పది నిమిషాలే ఇంజను వేసుకుని, ఒక కిటికీ కొంచెం దించి ఉంచాలి.

వాన ఆగిన మర్నాడు ఎండ కాస్తుంది, కొమ్మలు ధగధగలాడతాయి, ఫొటోలు తీయబుద్ధేస్తుంది. చెట్ల కింద నిలబడటానికి అంతకంటే చెడ్డ సమయం లేదు. కరిగే ఐసు, విరిగిన కొమ్మ హఠాత్తుగా ఊడిపడతాయి. నేల మీద పడిన తీగలో కరెంటు లేదని చూసి తేల్చుకోలేరు. పది మీటర్ల అవతలే ఉండి కరెంటు కంపెనీకి ఫోన్ చేయాలి.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న పిల్లలు ఐసు పడుతుందట అని ఫోన్ చేసినప్పుడు ఇక్కడి పెద్దలు జాగ్రత్త అని ఊరుకోకుండా, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని అడగాలి. లేకపోతే వాచ్ ఉన్న రోజే కొని తెచ్చి, పడుకునే గది బయట గోడకు బిగించమని చెప్పాలి.